మారినంతవరకే పంపడం ఎలా? ఫైళ్ల నకళ్లపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల శీర్షికను ఒకే విషయానికి కేటాయించాం. ఒక కంప్యూటరులోని ఫైళ్లకు మరో కంప్యూటరులో నకలు తీయడం, రెండు చోట్లా అవి ఒకే తీరుగా ఉండేలా చూసుకోవడం గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు రాసిన ఆరు ఉత్తరాలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఉత్తరాలను కుదించి, రాసినవారి పేర్లు తీసివేసి, ఊళ్ల పేర్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మాది గ్రానైట్ రాళ్లను కోసి పాలిష్ పట్టే చిన్న ఫ్యాక్టరీ. స్లాబుల ఫోటోలు, కొలతల పట్టికలు, లెక్కల ఫైళ్లు కలిపి 40 జీబీ దాకా ఉన్నాయి. రోజూ సాయంత్రం ఈ ఫోల్డరు మొత్తాన్ని ఇంటర్నెట్ ద్వారా ఒంగోలు ఆఫీసులోని కంప్యూటరుకు పంపుతున్నాను. నాలుగు గంటలకు పైగా పడుతోంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. పాత ఫోటోలు ఎలాగూ మారవు. మారినవి మాత్రమే పంపే మార్గం ఏదైనా ఉందా? (చీమకుర్తి)

జవాబు: ఉంది. ఈ అవసరం కోసమే పుట్టిన ప్రోగ్రాం ఒకటి 1996 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతోంది. దాని పేరు ఆర్‌సింక్. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ అనే ఇద్దరు దాన్ని రాశారు. అది పనిచేసే పద్ధతిని ట్రిడ్జెల్ 1999 నాటి తన పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసంలో వివరించారు.

ముందుగా మీ నాలుగు గంటల లెక్క చూద్దాం. మీ ఇంటర్నెట్ కనెక్షనుకు పైకి పంపే వేగం సెకనుకు 20 మెగాబిట్లు అనుకుంటే, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి, అది సెకనుకు 2.5 మెగాబైట్లు మాత్రమే అవుతుంది. ఆ లెక్కన 40 జీబీ పంపడానికి 16,000 సెకన్లు, అంటే దాదాపు నాలుగున్నర గంటలు పడుతుంది. ఒక రోజులో కొత్తగా చేరేది 300 మెగాబైట్లు అనుకుంటే, అంతవరకే పంపడానికి రెండు నిమిషాలు చాలు. ఇంకా వేగమైన కనెక్షను తీసుకోవడం వల్ల కలిగే లాభం కన్నా అక్కరలేనిదాన్ని పంపకపోవడం వల్ల కలిగే లాభం చాలా పెద్దది. కనెక్షనుకు ఎక్కువ డబ్బు కట్టే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

ఆర్‌సింక్ రెండు అంచెలుగా పనిచేస్తుంది. మొదటి అంచెలో అది ఫైళ్లను తెరిచి చూడదు. ఒకే పేరుగల ఫైలు రెండు వైపులా ఉన్నప్పుడు దాని పరిమాణం, చివరిసారి మారిన సమయం, ఈ రెండింటినే పోల్చి, రెండూ సరిపోతే ఆ ఫైలును వదిలేసి ముందుకు వెళుతుంది. మీ పాత ఫోటోలన్నీ ఈ అంచెలోనే తేలిపోతాయి. అయితే ఇది జరగాలంటే, నకలు తీసేటప్పుడు అసలు ఫైలుకున్న సమయాన్నే నకలుకు కూడా వేయాలి. ‘ఆర్కైవ్’ అనే ఆప్షను పెడితే ఆర్‌సింక్ ఆ పని చేస్తుంది. అది పెట్టకుండా, ఫోల్డర్లలోకి దిగమని మాత్రమే చెప్పే ఆప్షనుతో నడిపితే, నకలుకు ఆ రోజు సమయమే పడుతుంది. మర్నాడు ఒక్క ఫైలుకూ సమయం కలవక, ప్రతి ఫైలునూ మళ్లీ చదవాల్సి వస్తుంది. ఆర్‌సింక్ వాడినా వేగం పెరగలేదని మాకు రాసేవారిలో చాలామంది చేస్తున్న పొరపాటు ఇదే.

రెండో అంచె మీ లెక్కల ఫైలు లాంటివాటి కోసం. 100 మెగాబైట్ల ఫైలులో ఈరోజు పది పద్దులు మాత్రమే చేరాయనుకోండి. అవతలి వైపు నిన్నటి ప్రతి ఉంది. రెండు ఫైళ్లూ ఒకే చోట లేనప్పుడు తేడా ఎక్కడుందో తెలిసేదెలా? చీమకుర్తిలో ఒక గుమాస్తా, ఒంగోలులో ఒక గుమాస్తా ఒకే పద్దు పుస్తకానికి చెరొక ప్రతి దగ్గర పెట్టుకుని ఫోనులో సరిచూసుకుంటున్నారని ఊహించండి. ఒంగోలు గుమాస్తా తన పాత పుస్తకంలోని ప్రతి పేజీ అడుగు మొత్తాన్నీ చదివి వినిపిస్తాడు. చీమకుర్తి గుమాస్తా తన కొత్త పుస్తకంలో అవే మొత్తాలు వచ్చే చోట్లను వెతుకుతాడు. అయితే మూడో పేజీ నడుమ ఒక్క వరుస కొత్తగా చేరితే, అక్కడి నుంచి ప్రతి పేజీలోనూ ఒక వరుస కిందికి జరిగి, మొత్తాలన్నీ మారిపోతాయి. వరుసలు పాతవే అయినా ఒక్క పేజీ కూడా కలవదు. అందువల్ల చీమకుర్తి గుమాస్తా పేజీల హద్దులను పట్టించుకోకుండా, పేజీ కొలత గల కిటికీని ఒక్కొక్క వరుసా కిందికి జరుపుతూ పోతాడు. ప్రతిసారీ మొదటి నుంచి కూడనక్కరలేదు. పైన జారిపోయిన వరుస అంకెను తీసివేసి, కింద కొత్తగా వచ్చిన అంకెను కలిపితే చాలు.

ట్రిడ్జెల్ పద్ధతికి ప్రాణం ఈ జరిగే మొత్తమే. నిజానికి ఆర్‌సింక్ మామూలు మొత్తంతో పాటు స్థానాన్ని బట్టి తూకం మారే రెండో మొత్తాన్ని కూడా కలిపి 32 బిట్ల గుర్తుగా వాడుతుంది. రెండు వేర్వేరు పేజీలకు అడుగు మొత్తం యాదృచ్ఛికంగా ఒకటే కావచ్చు కనుక, మొత్తం కలిసిన చోట మాత్రం, ఆ ముక్కలోని బైట్లన్నింటి నుంచి లెక్కగట్టే, దానికన్నా గట్టి ముద్రతో మరోసారి సరిచూస్తుంది. కలిసిన ముక్కలకు ‘నీ దగ్గరున్న పదిహేడో ముక్క వాడుకో’ అన్న సూచన మాత్రమే వెళుతుంది. కలవని భాగం మాత్రమే పూర్తిగా వెళుతుంది. 100 మెగాబైట్ల ఫైలును అది సుమారు 10,000 బైట్ల చొప్పున 10,000 ముక్కలుగా చూస్తుంది. ఒక్కో ముక్కకు గరిష్ఠంగా 20 బైట్ల గుర్తు అనుకున్నా, అవతలి వైపు నుంచి రావలసిన గుర్తులన్నీ కలిపి 200 కిలోబైట్లకు మించవు. అంతా అయ్యాక ఫైలు మొత్తానికీ ముద్ర వేసి సరిచూస్తుంది కాబట్టి పొరపాటున తప్పుడు ముక్క అతుక్కుంటుందన్న భయం అక్కరలేదు.

ఈ మేలు మీకు దక్కాలంటే ఒక పని మానుకోవాలి. లెక్కల ఫైళ్లను పంపే ముందు పాస్‌వర్డ్ పెట్టి జిప్ చేసే అలవాటు ఉంటే మానేయండి. జిప్ చేసిన ఫైలులో మొదట ఎక్కడో ఒక్క అక్షరం మారినా అక్కడి నుంచి బైట్లన్నీ వేరవుతాయి. పాస్‌వర్డ్ కూడా పెడితే మారని ఫైలు సైతం ప్రతిసారీ కొత్త రూపం దాల్చుతుంది. అప్పుడు కలిసే ముక్కంటూ ఏదీ మిగలదు. దారిలో గోప్యత కావాలంటే, పంపేదాన్ని ఎవరూ చదవలేని రూపంలోకి మార్చి తీసుకెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ అనే మార్గం ద్వారా పంపండి. ఆర్‌సింక్ మామూలుగా దూరపు కంప్యూటరుతో మాట్లాడేది ఆ మార్గంలోనే.

కరెంటు పోయినప్పటి ఇబ్బందికి ‘పార్షియల్’ అనే ఆప్షను ఉంది. అది పెడితే సగంలో ఆగిన ఫైలు చెరిగిపోకుండా అవతల ఉండిపోతుంది. మళ్లీ నడిపినప్పుడు ఆ సగం కూడా పాత ప్రతిలాగే పనికివచ్చి, మిగిలిన సగం మాత్రమే వెళుతుంది. మీది విండోస్ అయితే ఆర్‌సింక్‌ను విండోస్ లోపలే లినక్స్ ప్రోగ్రాంలను నడపనిచ్చే లినక్స్ ఉపవ్యవస్థలో గాని, అలాంటి పనికే ఉన్న సిగ్‌విన్‌లో గాని పెట్టుకోవాలి. విండోస్‌తో పాటే వచ్చే రోబోకాపీ మొదటి అంచె పనిని చక్కగా చేస్తుంది గాని రెండో అంచె దానికి లేదు. మారిన ఫైలును అది పూర్తిగానే పంపుతుంది. ఇంకొక మాట. ట్యాలీ గాని, మరే లెక్కల ప్రోగ్రాం గాని తెరిచి ఉండగా దాని ఫైళ్లకు నకలు తీయకండి. ఒక ఫైలు పద్దు పడకముందు, దాని జత ఫైలు పద్దు పడ్డ తర్వాత నకలైతే ఆ రెండింటికీ పొంతన ఉండదు.

ప్రశ్న: పెళ్లిళ్ల ఫోటోలు, వీడియోలు తీసే స్టూడియో మాది. ఒక్కో పెళ్లికి 180 జీబీ దాకా వస్తుంది. ఎడిటింగ్ కంప్యూటరు నుంచి ఆల్బం కంప్యూటరుకు కేబుల్ ద్వారా పంపితే సగం పూట గడిచిపోతోంది. పెన్‌డ్రైవ్‌లో వేద్దామంటే అందులో చోటున్నా పెద్ద వీడియోలు ఎక్కడం లేదు. ఆర్‌సింక్ వాడితే వేగం పెరుగుతుందా? (నెల్లూరు)

జవాబు: పెరగదు. మీ ఫైళ్లు మొదటిసారి వెళుతున్నవి కాబట్టి అవతల పోల్చడానికి పాత ప్రతి లేదు. పైగా ముక్కలు పోల్చే పద్ధతి నెట్‌వర్కు మీద భారాన్ని తగ్గించడానికి రెండు వైపులా డిస్కులకు, ప్రాసెసరుకు పని పెంచుతుంది. దూరపు కనెక్షను మీద అది లాభం. ఒకే గదిలో పక్కపక్కన ఉన్న కంప్యూటర్ల మధ్య చాలాసార్లు నష్టం. ఒకే కంప్యూటరులోని రెండు డిస్కుల మధ్య నకలు తీసేటప్పుడు ఆర్‌సింక్ తనంతట తానే ఆ పద్ధతిని పక్కన పెట్టి ఫైలును పూర్తిగా రాసేది అందుకే.

మీ సమస్య కేబులులో ఉందని మా అనుమానం. 180 జీబీ సెకనుకు 12.5 మెగాబైట్ల చొప్పున సరిగ్గా నాలుగు గంటలు పడుతుంది. అది 100 మెగాబిట్ల కనెక్షను వేగం. అదే 1,000 మెగాబిట్ల కనెక్షను అయితే లెక్క ప్రకారం 24 నిమిషాలు, ఆచరణలో అంతకు కొంచెం ఎక్కువ పడుతుంది. ఇప్పటి కంప్యూటర్లలో దాదాపు అన్నింటికీ 1,000 మెగాబిట్ల సామర్థ్యం ఉంది. కానీ నెట్‌వర్కు కేబులులో నాలుగు జతల తీగలు ఉంటాయి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు, 1,000 మెగాబిట్లకు నాలుగూ కావాలి. అదనంగా కావలసిన ఆ రెండు జతల్లో ఒక్క తీగ తెగినా, కొసన బిగించిన ప్లగ్గులో వాటి పిన్ను ఒక్కటి సరిగా అంటకపోయినా, చాలాసార్లు ఏ హెచ్చరికా లేకుండా కనెక్షను 100కు దిగిపోయి పనిచేస్తూనే ఉంటుంది. నెట్‌వర్కు సెట్టింగుల్లో లింక్ స్పీడ్ ఎంత చూపుతోందో చూడండి. 100 అని ఉంటే ముందు కేబుల్ మార్చండి. అప్పటికీ మారకపోతే మధ్యలో కేబుళ్లను కలిపే పాత నెట్‌వర్కు స్విచ్ పెట్టె వైపు చూడండి.

పెన్‌డ్రైవ్ సంగతి వేరు. అది ఫ్యాట్‌32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. అందులో ఒక్కో ఫైలు 4 జీబీకి లోపే ఉండాలి. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే ఆ హద్దు పోతుంది. ఫార్మాట్ చేసినప్పుడు లోపల ఉన్నవన్నీ చెరిగిపోతాయి కనుక ముందు వాటిని తీసి పెట్టుకోండి. ఫ్యాట్‌32 డ్రైవులకు మరో గుణం ఉంది. ఫైలు మారిన సమయాన్ని అవి రెండు సెకన్ల మేరకే గుర్తుంచుకుంటాయి. హార్డ్‌డిస్కులో 41వ సెకను అని ఉన్నది పెన్‌డ్రైవ్‌లో 40 గానో 42 గానో పడి, మారని ఫైలు కూడా మారినట్టు కనిపిస్తుంది. ఆ తేడాను మన్నించమని చెప్పే ఆప్షను ఆర్‌సింక్‌లోనూ ఉంది, రోబోకాపీలోనూ ఉంది.

ప్రశ్న: పరిమాణం, సమయం చూసి వదిలేస్తుందంటే నాకు నమ్మకం కలగడం లేదు. ప్రతిసారీ ఫైళ్ల లోపలి విషయాన్ని కూడా పోల్చమని చెప్పవచ్చా? (ఒంగోలు)

జవాబు: చెప్పవచ్చు. ‘చెక్‌సమ్’ ఆప్షను అందుకే ఉంది. కాని దానివల్ల రెండు వైపులా ప్రతి ఫైలూ ఆమూలాగ్రం చదవాల్సి వస్తుంది కాబట్టి, రెండు నిమిషాల పని గంటలకు పెరుగుతుంది. ఫైలు లోపల మారి, పరిమాణమూ సమయమూ మారకుండా ఉండటం మామూలు వాడకంలో అరుదు. డిస్కు పాతబడి కొన్ని బైట్లు పాడైనప్పుడు అలా జరుగుతుంది. అందుకని రోజూ మామూలుగా నడిపి, నెలకొకసారి రాత్రిపూట చెక్‌సమ్‌తో నడపండి. ఆ రోజు తేడా కనిపిస్తే వెంటనే నకలు మీద రాయనివ్వకండి. పాడైంది అసలు ఫైలే కావచ్చు. అందువల్ల ఆ నెలవారీ పరుగును రాయకుండా చూపించే ‘డ్రై రన్’ ఆప్షనుతోనే చేయడం మంచిది.

ప్రశ్న: నేను విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుణ్ణి. మా జిల్లా గ్రామాల స్థలపురాణాలు సేకరించి, ఒక్కో ఊరికి ఒక్కో ఫైలుగా తెలుగు పేర్లతోనే పెట్టుకున్నాను. నా కంప్యూటరులో విండోస్ బదులు ఉబుంటు లినక్స్ ఉంది. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి దగ్గర పాత మ్యాక్ ఉంది. ఆర్‌సింక్‌తో అటూ ఇటూ పంపుకున్నాక నా ఫోల్డరులో మైపాడు, సైదాపురం అన్న ఫైళ్లు రెండేసి కనిపిస్తున్నాయి. పేర్లలో అక్షరం తేడా లేదు. ఇందుకూరుపేట, కొడవలూరు, వింజమూరు మాత్రం ఒక్కొక్కటే ఉన్నాయి. ఇదేమి చిత్రం? (కావలి)

జవాబు: మాస్టారూ, మీరు రాసిన ఊరి పేర్లలోనే జవాబు ఉంది. రెండేసిగా మారినవాటిలో ఐత్వం ఉంది, మారనివాటిలో లేదు. ఇంత శ్రద్ధగా పేర్లు రాసి పంపినందుకు మీకు ధన్యవాదాలు. అవి లేకపోతే మేము కారణం ఇంత సులువుగా చెప్పగలిగేవాళ్లం కాదు.

కంప్యూటరులో ప్రతి అక్షరానికీ, గుర్తుకూ ఒక సంకేతం కేటాయించే యూనికోడ్ పద్ధతిలో ఐత్వాన్ని రెండు విధాలుగా రాయవచ్చు. ఐత్వానికి సొంతంగా ఒక సంకేతం ఉంది. అలాగే ఎత్వం సంకేతం వేసి, దాని పక్కన ఐత్వపు కింది గుర్తుకు ఉన్న వేరే సంకేతాన్ని వేసినా అదే ఐత్వం అవుతుంది. మనం చేత్తో రాసేటప్పుడు ఎత్వం పెట్టి కింద గుర్తు తగిలించినట్టే అనుకోండి. కంటికి రెండూ ఒకటే. యూనికోడ్ నియమాల ప్రకారం కూడా రెండూ సమానమే. తెలుగు గుణింతాల గుర్తుల్లో ఇలా విడదీసే ఏర్పాటు ఉన్నది ఒక్క ఐత్వానికే. మీ ఉబుంటు మీరు టైపు చేసిన ఒక్క సంకేతాన్నీ ఉన్నదున్నట్టు ఉంచుతుంది. హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే ఫైలు పద్ధతి వాడే పాత మ్యాక్‌లు ఫైలు పేర్లను విడదీసిన రూపంలోనే దాచుకుంటాయి. ఆర్‌సింక్ పేర్లను భాషగా చూడదు, బైట్ల వరుసగానే చూస్తుంది. మ్యాక్ నుంచి తిరిగి వచ్చిన ‘మైపాడు’ బైట్ల వరుస వేరు కనుక, అది మీ దగ్గర లేని కొత్త ఫైలని భావించి పక్కన మరొకటి పెట్టింది.

నివారణకు ఆర్‌సింక్‌లోనే ‘ఐకన్వ్’ అనే ఆప్షను ఉంది. ఏ వైపు పేర్లు ఏ రూపంలో ఉన్నాయో చెబితే, దాటించేటప్పుడు అది మార్చి పంపుతుంది. అమ్మాయిగారు తన మ్యాక్ నుంచి నడిపేటప్పుడు తన వైపు ‘యూటీఎఫ్-8-మ్యాక్’ అని, మీ వైపు ‘యూటీఎఫ్-8’ అని చెప్పాలి. ముందు రెండు మూడు ఫైళ్లతో చేసి చూడండి. అయితే ఈ ఆప్షను 2008లో వచ్చిన 3.0 రూపంతో మొదలైంది. మ్యాక్‌లతో పాటు చాలా ఏళ్లు వచ్చినది అంతకు ముందరి 2.6.9. కాబట్టి మ్యాక్‌లో కొత్త ఆర్‌సింక్‌ను విడిగా పెట్టుకోవాలి.

ఇప్పటికే రెండేసిగా ఉన్నవాటిలో ఒకదాన్ని తొందరపడి తీసివేయకండి. ఒకటి మీరు దిద్దినది, మరొకటి అమ్మాయిగారు దిద్దినది అయి ఉండవచ్చు. రెండూ తెరిచి చదివి, సరైన పాఠాన్ని మూడో ఫైలుగా వేరే ఫోల్డరులో భద్రం చేసి, ఆ తర్వాతే జంటను తొలగించండి. పాఠాంతరాలను పోల్చి పరిష్కరించడం మీకు కొత్త కాదు కాబట్టి ఈ పనిలో మా సలహా అక్కరలేదు. ఫైళ్లకు తెలుగు పేర్లు మానేసి ఇంగ్లీషు పేర్లు పెట్టమని మాత్రం ఎవరైనా చెబితే వినకండి. లోపం మన లిపిది కాదు, పోల్చే పద్ధతిది. దానికి పరిష్కారం కూడా ఉంది.

ప్రశ్న: రొయ్యల మేత, మందులు అమ్మే దుకాణాలు మా అన్నకు ఒకటి, నాకు ఒకటి ఉన్నాయి. బాకీల పట్టిక ఎక్సెల్ ఫైలు ఒకటే. పగలు అన్న తన దగ్గర మారుస్తాడు, నేను నా దగ్గర మారుస్తాను. రాత్రికి ఆర్‌సింక్‌తో కలుపుతున్నాం. కొన్నిసార్లు నేను రాసినవి, కొన్నిసార్లు అన్న రాసినవి మాయమవుతున్నాయి. మా ఇద్దరి మధ్య మాట వచ్చేదాకా వెళ్లింది. (బుచ్చిరెడ్డిపాళెం)

జవాబు: మీ ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. ఆర్‌సింక్ ఒక వైపు నుంచి మరో వైపుకు పంపే సాధనం. అది రెండు వైపుల మార్పులనూ కలపదు. పంపే వైపు ఉన్నదే సరైనదని భావించి, అందుకునే వైపును దానికి తగినట్టు మారుస్తుంది. ఆ రాత్రి ఎవరు పంపితే వారి ఫైలు నిలుస్తుంది, రెండోవారి పగటి శ్రమ పోతుంది. కొత్త సమయం ఉన్న ఫైలును చెరపవద్దని చెప్పే ‘అప్‌డేట్’ ఆప్షను ఉంది గాని, దానితో చివర రాసినవారి ప్రతి నిలుస్తుందే తప్ప రెండూ కలవవు.

ఇంకో లోతైన కారణం కూడా చెప్పాలి. ఒక ఫైలు మీ దగ్గర ఉండి అన్నగారి దగ్గర లేదనుకోండి. మీరు కొత్తగా సృష్టించారా, లేక ఆయన తీసివేశారా? రెండు ఫోల్డర్లను ఇప్పుడు ఎంత చూసినా ఇది తేలదు. నిన్న రాత్రి కలిసినప్పుడు ఏమున్నదో జ్ఞాపకం ఉంటేనే తేలుతుంది. ఆర్‌సింక్ ఆ జ్ఞాపకాన్ని ఉంచుకోదు. యూనిసన్, సింక్‌థింగ్ అనే ఉచిత ప్రోగ్రాంలు ఉంచుకుంటాయి. మీకు సింక్‌థింగ్ అనువుగా ఉంటుంది. రెండు కంప్యూటర్లూ ఒకదానికొకటి నేరుగా పరిచయమై, మధ్యలో ఏ సంస్థ దగ్గరా ఫైలు నిలవ పడకుండా, మార్పు జరిగిన కాసేపటికే పంపుకుంటాయి. ఫైలును ముక్కలుగా చేసి మారిన ముక్కలే పంపడం అందులోనూ ఉంది.

అయినా ఇద్దరూ ఒకే సమయంలో ఒకే ఫైలును మారిస్తే సింక్‌థింగ్ సైతం లోపలి పద్దులను కలపలేదు. అది చేసే మేలు ఏమిటంటే, సమయం ప్రకారం పాతదైన ప్రతిని చెరిపివేయకుండా, పేరులో ‘సింక్-కాన్‌ఫ్లిక్ట్’ అన్న మాట, తేదీ చేర్చి పక్కనే ఉంచుతుంది. అలాంటి పేరు కనిపించిన రోజు ఇద్దరూ కూర్చుని రెండు పట్టికలూ సరిచూసుకోవాలి. దీనికన్నా మంచి పద్ధతి ఫైలునే రెండుగా విడగొట్టడం. అన్నగారి దుకాణపు బాకీలు ఆయన ఫైలులో ఆయనే రాయాలి, మీవి మీ ఫైలులో మీరే రాయాలి. ఒకరిది మరొకరు చూడవచ్చు గాని మార్చకూడదు. రెండింటి మొత్తం కావాలంటే మూడో పట్టిక ఆ రెండింటి నుంచీ అంకెలు తెచ్చుకుంటుంది. ఇలా చేస్తే తగవుకు తావే ఉండదు.

ప్రశ్న: మా నాన్నగారి రైసు మిల్లు లెక్కలు, పదేళ్ల ధాన్యం రసీదుల ఫోటోలు బయటి హార్డ్‌డిస్కులో ఉండేవి. ప్రతి రాత్రి అవి నా కంప్యూటరుకు నకలయ్యేలా ఆర్‌సింక్ పెట్టుకున్నాను. రెండు చోట్లా ఒకేలా ఉండాలని ‘డిలీట్’ ఆప్షను కూడా పెట్టాను. గత వారం బయటి డిస్కు కేబుల్ ఊడి ఉన్న సంగతి చూసుకోలేదు. తెల్లవారేసరికి నా కంప్యూటరులోని నకలు ఖాళీ. రెండు రోజులకు బయటి డిస్కు కింద పడి పనిచేయడం మానేసింది. ఏమైనా చేయగలమా? (కోవూరు)

జవాబు: చదివి చాలా బాధపడ్డాం. ముందు చేయవలసింది, నకలు ఉన్న ఆ కంప్యూటరును వెంటనే ఆపివేయడం. చెరిగిన ఫైలు మామూలు హార్డ్‌డిస్కులో వెంటనే మాయం కాదు. ఆ చోటు ఖాళీ అన్న గుర్తు మాత్రమే పడుతుంది. దాని మీద కొత్తది రాసేవరకు పాతది అక్కడే ఉంటుంది. డిస్కును తీసి మరో కంప్యూటరుకు తగిలించి, ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో వెతికించండి. దొరికినవాటిని వేరే డిస్కులోకి రాయించాలి. పేర్లు పోయినా రసీదుల ఫోటోలు చాలావరకు దొరికే అవకాశం ఉంది. మీ కంప్యూటరులో ఉన్నది తిరిగే పళ్లెం లేకుండా చిప్పులతో చేసిన ఎస్‌ఎస్‌డీ అయితే ఆశ తక్కువ. చెరిగిన చోటును అది తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది. కింద పడిన డిస్కును మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకండి. లోపల గీతలు పడే కొద్దీ, నిపుణులు తీయగలిగింది కూడా పోతుంది.

జరిగిందేమిటో కూడా చెప్పాలి. డిస్కు ఊడిపోయినా, అది తగులుకునే ఫోల్డరు మీ కంప్యూటరులో ఖాళీగా ఉండిపోయింది. ఆర్‌సింక్‌కు అది ఖాళీ ఫోల్డరుగానే కనిపించింది. చదవడంలో లోపం ఎదురైతే అది తొలగింపులు ఆపివేస్తుంది. కానీ ఖాళీగా ఉండటం లోపం కాదు కదా. పంపే వైపు ఏమీ లేదు కనుక అందుకునే వైపూ ఏమీ ఉండకూడదని, మీరు చెప్పినట్టే చేసింది. ఈ శీర్షిక రాసే నేను కూడా చాలా ఏళ్ల కిందట ఏ వైపు నుంచి ఏ వైపుకు అన్నది తారుమారుగా రాసి, ఒక ఏడాది ఫోటోలు పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి తొలగింపు ఉన్న ఏ ఆజ్ఞనైనా ముందు ‘డ్రై రన్’తో నడిపి, ఏవి చెరిగిపోతాయో జాబితా చదవకుండా అసలుది నడపలేదు. రోబోకాపీలో ఇలాగే తొలగింపులు చేసే ‘మిర్’ ఆప్షను వాడేవారికి కూడా ఇదే ప్రమాదం, ఇదే జాగ్రత్త. అక్కడ జాబితా మాత్రమే చూపే ఆప్షను పేరు ‘ఎల్’.

రాత్రిపూట తనంతట నడిచేదానికి మనిషి జాబితా చదవలేడు కాబట్టి వేరే కాపలా కావాలి. ‘మ్యాక్స్ డిలీట్’ ఆప్షనుతో ఒక పరుగులో ఇన్ని ఫైళ్లకు మించి తీయకూడదని హద్దు పెట్టవచ్చు. ‘బ్యాకప్ డైరెక్టరీ’ ఆప్షనుతో చెరపవలసినవాటిని, మార్చవలసినవాటిని ఆ తేదీ పేరుగల ఫోల్డరులోకి జరిపించవచ్చు. అసలు డిస్కులో ఒక గుర్తు ఫైలు పెట్టి, అది కనిపిస్తేనే ఆర్‌సింక్ మొదలయ్యేలా, రాత్రిపూట దాన్ని నడిపే ఆజ్ఞల ఫైలులో (స్క్రిప్టులో) ఒక వరుస రాయించండి. మీకు జరిగినదాన్ని ఆ ఒక్క వరుసే ఆపి ఉండేది.

అన్నింటికన్నా ముఖ్యమైన మాట. రెండు చోట్లా ఒకేలా ఉంచడం వేరు, భద్రపరచడం వేరు. ఒకేలా ఉంచే నకలు మంచితో పాటు చెడును కూడా అంతే నమ్మకంగా అందుకుంటుంది. పొరపాటున చెరిపినదీ, వైరస్ తాళం వేసిన ఫైలూ ఆ రాత్రికే అవతలికి చేరుతాయి. భద్రపరచడం అంటే నిన్నటిది, మొన్నటిది, పోయిన నెలది కూడా చేతికి అందడం. ఆర్‌సింక్‌లో ‘లింక్ డెస్ట్’ ఆప్షను ఉంది. దానితో ప్రతి రాత్రికీ ఒక కొత్త ఫోల్డరు తయారవుతుంది. చూడటానికి ప్రతిదానిలోనూ ఫైళ్లన్నీ ఉంటాయి. కాని మారని ఫైలుకు డిస్కులో చోటు ఒక్కసారే. మిగిలిన ఫోల్డర్లలో ఉండేది ఆ చోటికే మరో పేరు. దీన్నే హార్డ్ లింకు అంటారు. ముప్పై రోజుల ఫోల్డర్లు పెట్టుకున్నా, ఒక ప్రతికి ముప్పై రోజుల మార్పులు కలిపినంత చోటే పడుతుంది. పాత రోజు ఫోల్డరును తీసివేసినా మిగతా రోజుల ఫైళ్లకు ఏమీ కాదు. నకలు ఉంచే డిస్కు హార్డ్ లింకులు ఒప్పుకునే పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి. ఫ్యాట్‌32, ఎక్స్‌ఫ్యాట్ పనికిరావు.

అసలు ఒకటి, ఈ నకలు ఒకటి, ఇవి రెండు ప్రతులు. మూడోది ఊరు దాటి ఉండాలి. ఆ రెండూ కోవూరులో పెట్టి, మూడోది నెల్లూరులో బంధువుల ఇంట పెడితే సరిపోతుందని అనిపించవచ్చు. కానీ ఆ రెండు ఊళ్లూ పెన్నకు చెరో ఒడ్డున ఉన్నాయి. 2021 నవంబరు వరదలో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిని, జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిన రోజులు మీకు మేము గుర్తుచేయనక్కరలేదు. ఒంగోలులోనో, మీకు నమ్మకమైనవారు ఉన్న ఇంకా దూరపు ఊళ్లోనో పెట్టండి. నెలకొకసారి ఆ మూడో డిస్కు తెప్పించుకుని, కొత్త మార్పులు ఎక్కించి, తిరిగి పంపే ముందు పాత రసీదు ఫోటో ఒకటి, ఏదో ఒక నెల లెక్కల ఫైలు ఒకటి దానిలోంచి తెరిచి చూడండి.